కొనేముందు పైమూత విప్పి చూడండి: 1950, 60ల నాటి షాండ్లియర్లు, పెండెంట్ లైట్ల సేకరణకు సమగ్ర మార్గదర్శి

షాండ్లియర్ అనగానే హైదరాబాదు చూసినవాళ్లకు చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో వేలాడే గాజు దీపాలే గుర్తొస్తాయి. ఇక్కడ చెప్పేది వాటి గురించి కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, సుమారు 1945 నుంచి 1970 దాకా, డెన్మార్క్, ఇటలీ, ఆస్ట్రియా, అమెరికా లాంటి చోట్ల మామూలు ఇళ్ల భోజనాల బల్లల మీద వేలాడిన షాండ్లియర్లు, పెండెంట్ల (వైరుకో గొలుసుకో వేలాడే ఒంటి దీపాల) గురించి. రాజుల సొమ్ము కాదు కాబట్టి ఓపికగా వెతికితే మన జేబుకూ అందుతాయి.

నేను ఉండేది చికాగో శివార్లలో. ఇక్కడ 1950లలో కట్టిన ఇళ్లు వీధులకు వీధులే ఉన్నాయి. పెద్దవాళ్లు పోయాకో, వృద్ధుల హోమ్‌కి వెళ్లాకో, పిల్లలు ఇంట్లో సామానంతా రెండు మూడు రోజుల్లో అమ్మేస్తారు. దాన్నే ఎస్టేట్ సేల్ అంటారు. ఈ పిచ్చి నాకు అక్కడే అంటుకుంది, కానీ మొదటి దెబ్బ మాత్రం ఒక పాతసామాన్ల దుకాణంలో తిన్నాను. పన్నెండు చేతుల స్పుట్నిక్ షాండ్లియర్‌ని (నడుమ గోళం, చుట్టూ చేతులు ఉండే రకం) చూపించి "1960ల నాటి ఇటలీ సరుకు" అంటే నమ్మి 260 డాలర్లు పోశాను. ఇంటికొచ్చి, సీలింగ్‌కి ఆనుకుని ఉండే గిన్నెలాంటి పైమూతను (దీన్ని కేనపీ అంటారు) తిరగేసి చూస్తే లోపల తెల్లటి బార్‌కోడ్ స్టిక్కరు. దుకాణాల్లో బార్‌కోడ్ వాడకం మొదలైందే 1974లో! ఆ స్టిక్కరు దుకాణంలోనే చూసుంటే 260 డాలర్లు మిగిలేవి. అప్పటినుంచి ఏ లైటు కనిపించినా నా చెయ్యి ముందు వెళ్లేది పైమూత మీదికే.

1. ముందు కన్ను కుదరాలి

డబ్బు బయటికి తీసేముందు రెండు మూడు నెలలు ఊరికే చూడండి. వేలం కంపెనీల పాత కేటలాగులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వేలకొద్దీ లైట్లు కనిపించినా కుటుంబాలు కొన్నే. వాటిని గుర్తుపట్టడం వచ్చిందంటే సగం పని అయినట్టే.

డెన్మార్క్ కుటుంబానికి పెద్ద పౌల్ హెన్నింగ్సన్. బల్బు నేరుగా కంట్లో పడకూడదన్నది ఆయన పట్టుదల. 1958లో లూయీ పౌల్సెన్ కంపెనీ కోసం గీసిన పీహెచ్ 5 పెండెంట్‌లో పళ్లేల మీద పళ్లేలు పేర్చినట్టు లోహపు రేకులు ఉంటాయి. ఏ మూల నుంచి చూసినా బల్బు కనపడదు, బల్ల మీద మాత్రం వెలుగు పరుచుకుంటుంది. పేరులో 5 ఎందుకంటే పెద్ద రేకు వ్యాసం 50 సెంటీమీటర్లు. లోపల చిన్న ఎరుపు, నీలం రేకులు కూడా ఉంటాయి, వెలుగు రంగును సరిచేయడానికి. అదే ఏడాది కోపెన్‌హేగన్‌లోని లాంగెలినీ పెవిలియన్ రెస్టారెంటు కోసం ఆయన చేసిన ఆర్టిచోక్ దీపంలో 12 వరుసల్లో 72 రేకులు. అసలైన పాత రాగి ఆర్టిచోక్ మనలాంటివాళ్ల బడ్జెట్‌లో దొరకడం కలే. పీహెచ్ 5 అలా కాదు, లెక్కలేనన్ని తయారయ్యాయి, ఇప్పటికీ తయారవుతున్నాయి. వెర్నర్ పాంటన్ చేసిన ఫ్లవర్‌పాట్, 1968 నాటిది, రెండు అర్ధగోళాలను ఒకదానికింద ఒకటి వేలాడదీసినట్టు ఉంటుంది. చిన్న వంటింటికి నాకు దానికంటే నచ్చిన లైటు లేదు.

ఇటలీది వేరే లోకం. జీనో సర్ఫాత్తి 1939లో ఆర్తెలూచె కంపెనీ పెట్టాడు. 1958లో చేసిన 2097 మోడల్ షాండ్లియర్‌లో నడుమ ఒక కడ్డీ, చుట్టూ చేతులు, వాటినుంచి జోలెల్లా వేలాడే వైర్లు కనిపిస్తాయి. వైరును దాచకుండా దాన్నే నగ చేశాడు. మిలాన్‌లో 1946లో మొదలైన స్టిల్‌నోవో కంపెనీ ఇత్తడి, రంగు వేసిన రేకు, పాలరంగు గాజు కలిపి లైట్లు చేసింది. వెనిస్ పక్కనున్న మురానో ద్వీపపు గాజు పనివాళ్లది ఇంకో శాఖ. వెనీని లాంటి బట్టీల్లో పోసిన పలకల గాజు, మూడు అంచుల గాజు కడ్డీలు ఒక్కో షాండ్లియర్‌కి పదులు, వందలు ఉంటాయి.

స్పుట్నిక్ అన్న పేరు అందరికీ తెలిసినదే. నడుమ గోళం, దానికి ముళ్లపందిలా చేతులు, చివర బల్బులు. రష్యావాళ్లు ఉపగ్రహాన్ని పంపింది 1957 అక్టోబర్ 4న. పేరు ఆ తరువాతే అతుక్కుంది గానీ, ఆ ఆకారపు దీపాన్ని సర్ఫాత్తి 1939లోనే చేశాడు. కాబట్టి "1957 తరువాతదే అయ్యుండాలి" అని ఎవరైనా బల్లగుద్ది చెబితే అంగీకరించక్కర్లేదు. ఈ వంశంలో పట్టపుటేనుగులను చూడాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాకి వెళ్లాలి. వియన్నాకు చెందిన లోబ్‌మైర్ సంస్థ తరఫున హాన్స్ హరాల్డ్ రాత్ 1966లో చేసిన క్రిస్టల్ షాండ్లియర్లు లాబీలో 11, ఆడిటోరియంలో 21 ఉన్నాయి. ఆస్ట్రియా ఇచ్చిన కానుక అవి.

అమెరికా వైపు నాకు ఇష్టమైన కథ జార్జ్ నెల్సన్‌ది. ఆయనకు స్వీడన్ నుంచి వచ్చిన సిల్కు బట్ట దీపం ఒకటి తెగ నచ్చింది, ధర 125 డాలర్లు. అంత పెట్టలేక ఆలోచనలో పడ్డాడు. యుద్ధం తరువాత మూలన పెట్టిన ఓడల మీద తుప్పు పట్టకుండా ప్లాస్టిక్ జల్లి తొడుగులా కప్పుతున్నారని గుర్తొచ్చింది. తీగల పంజరం కట్టి దానిమీద అదే ప్లాస్టిక్ జల్లించాడు. అలా పుట్టిన బబుల్ లాంప్‌లను 1950లలో హోవార్డ్ మిల్లర్ క్లాక్ కంపెనీ అమ్మింది. ఇవికాక, ఎస్టేట్ సేల్స్‌లో ఎక్కువగా కనిపించేవి లైటోలియర్ కంపెనీవి. దానికి జెరాల్డ్ థర్స్టన్ గీసినవాటికి మంచి గిరాకీ ఉంది.

వీటిలో ఒక్క కుటుంబాన్నే ఎంచుకుని మొదలుపెట్టండి. నేను అన్నిటి వెంటా పడి మొదటి రెండేళ్లు గరాజ్ నింపుకున్నాను తప్ప, దేన్నీ సరిగ్గా నేర్చుకోలేదు.

2. ఇల్లు కొలుచుకోండి

ఇది చిన్న పనే, కానీ ఎవరూ చెయ్యరు. గది పొడవు, వెడల్పు అడుగుల్లో కొలిచి కలపండి. వచ్చిన అంకె ఎంతో షాండ్లియర్ వ్యాసం సుమారు అన్ని అంగుళాలు ఉంటే చూడ్డానికి నప్పుతుంది. 12 అడుగులు, 14 అడుగుల గదికి 26 అంగుళాలన్నమాట. భోజనాల బల్ల మీదైతే బల్ల వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతులు చాలు. బల్ల ఉపరితలం నుంచి లైటు అడుగు దాకా 30 నుంచి 36 అంగుళాల ఎడం ఉంచండి. మనుషులు నడిచే చోట నేల నుంచి కనీసం 7 అడుగులు ఉండాలి. ఈ అంకెలు ఫోన్‌లో రాసుకుని, జేబులో టేపు పెట్టుకుని బయల్దేరండి. సేల్‌లో చూసినప్పుడు ప్రతిదీ చిన్నదిగానే కనిపిస్తుంది.

అద్దె ఇంట్లో ఉంటే స్వాగ్ లాంప్‌లు వెతకండి. గొలుసుతో సీలింగ్ కొక్కేనికి వేలాడి, వైరు గోడ ప్లగ్గులోకి వెళ్లే రకం ఇది. సీలింగ్ వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు, ఖాళీ చేసేటప్పుడు కొక్కెం తీసి చిన్న రంధ్రం పూడిస్తే సరి.

3. ఎక్కడ, ఏ మాటతో వెతకాలి

ఎస్టేట్ సేల్స్ మొదటి చోటు. ఆఖరి రోజు మధ్యాహ్నం వెళ్తే ధర సగానికి దిగుతుంది, సీలింగ్‌కి బిగించి ఉన్న లైటు మాత్రం అప్పటికీ అక్కడే ఉంటుంది, విప్పే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి. "ఆ లైటు అమ్ముతారా?" అని అడగండి. ధర చీటీ లేదంటే అమ్మకానికి లేదని కాదు. పేదలకు ఇళ్లు కట్టే హ్యాబిటాట్ సంస్థవాళ్ల పాతసామాన్ల దుకాణాల్లో (వీటిని రీస్టోర్ అంటారు), పాత ఇళ్లు పడగొట్టినప్పుడు తీసిన లైట్లు దొరుకుతాయి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లకు చాలాసార్లు తమ దగ్గరున్నది ఏమిటో తెలియదు. "మిడ్ సెంచురీ" (ఈ కాలపు శైలికి వాడుక పేరు) అని వెతికితే తెలిసినవాళ్లు పెట్టిన ఖరీదైనవే వస్తాయి. "పాత లైటు", "అమ్మమ్మ ఇంటి లైటు", "హ్యాంగింగ్ లాంప్" లాంటి మాటలతో, తప్పు స్పెల్లింగులతో కూడా వెతకండి. ఇక్కడ షాండ్లియర్ స్పెల్లింగు తెలియనివాళ్లు నాకు పెద్ద వరం.

యూరప్ సైట్లలో వాళ్ల మాటే వాడాలి. జర్మన్‌లో "డెకెన్‌లాంపె", "హెంగెలాంపె", స్వీడిష్‌లో "తాక్‌లాంపా", ఇటాలియన్‌లో "లాంపదారియో". ఆ భాషల స్పెల్లింగు ఒకసారి చూసి ఫోన్‌లో దాచుకోండి. ఫలితాలే వేరుగా ఉంటాయి.

4. చేతిలోకి తీసుకుని పరీక్షించడం

అసలు పని ఇక్కడే. నా సంచిలో ఒక మాగ్నెట్, చిన్న టార్చి, స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ (కరెంటుకు దారి ఉందో లేదో చూపించే మీటరు) ఉంటాయి. తొందరపడకుండా పై నుంచి కిందికి రండి.

ముందు పైమూత. లోపలి వైపు కంపెనీ ముద్ర, కాగితం లేబుల్, మోడల్ నంబర్ ఉండొచ్చు. అంచు చుట్టూ రెండు మూడు రంగుల సీలింగ్ పెయింట్ మరకలు ఉన్నాయంటే ఆ లైటు విప్పకుండానే ఇల్లు రెండు మూడుసార్లు రంగులు వేయించుకుందని అర్థం. అంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు. నకిలీ చేసేవాళ్లు బయట ఇత్తడిని నల్లబరుస్తారు గానీ, లోపల పెయింట్ మరకలు పెట్టే ఓపిక వాళ్లకుండదు. లోపల మెరుస్తూ కొత్తగా ఉండి, బయటంతా ఒకే తీరులో పాతబడి ఉంటే అనుమానించండి. నిజమైన పాతదనం ఎగుడుదిగుడుగా ఉంటుంది. చెయ్యి తగిలేచోట ఒక రంగు, దుమ్ము కూర్చునే పై భాగంలో ఒక రంగు, బల్బు వేడి తగిలే చోట ఇంకో రంగు.

తరువాత మాగ్నెట్. ఇత్తడికి అంటుకోదు, ఇత్తడి పూత వేసిన ఇనుముకు అంటుకుంటుంది. అంటుకున్నంత మాత్రాన పాతది కాదని తీర్మానించకండి. ఆ కాలపు మంచి కంపెనీలు కూడా లోపల ఇనుప గొట్టం, పైన ఇత్తడి వాడాయి. అమ్మేవాడు "గట్టి ఇత్తడి" అని చెప్పిన మాట నిజమో కాదో తేల్చడానికి, ధర దించడానికి మాత్రం మాగ్నెట్ బాగా పనికొస్తుంది.

హోల్డర్లు చూడండి. పింగాణీ, బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్), లోపల అట్టముక్క ఉన్న ఇత్తడి డిప్పలు పాతవాటిలో ఉంటాయి. హోల్డర్లు కొత్తవైతే భయపడక్కర్లేదు, ఎవరో మంచి బుద్ధితో రీవైరింగ్ చేయించి ఉండొచ్చు. వైరు కూడా అంతే. బట్ట చుట్టిన వైరు పాతదే, కానీ ఇప్పుడు అచ్చం అలాంటిదే కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. స్క్రూల గురించి ఇంటర్నెట్‌లో ఒక మాట చెబుతుంటారు: "ప్లస్ గుర్తు స్క్రూ ఉంటే కొత్తది." తప్పు. ఫిలిప్స్ స్క్రూలు 1930లలోనే కార్ల ఫ్యాక్టరీల్లోకి వచ్చేశాయి. ఏ ఒక్క గుర్తూ తీర్పు చెప్పదు. నాలుగైదు గుర్తులు ఒకే మాట చెప్పాలి.

గాజును మన అమ్మలు కుండ కొనేటప్పుడు చేసినట్టే వేలి కణుపుతో మెల్లగా కొట్టి వినండి. బాగున్న గాజు ఖణేల్‌మంటుంది, పగులు ఉంటే మొద్దుగా మోగుతుంది. పగులు ఎక్కువగా ఉండేది బిగింపు స్క్రూలు తగిలే మెడ దగ్గర. టార్చి లోపల పెట్టి తిప్పుతూ చూస్తే వెంట్రుక లాంటి గీత కూడా కనపడుతుంది. షేడ్లన్నీ పక్కపక్కన పెట్టి రంగు, మందం పోల్చండి. ఐదింట్లో ఒకటి తేడాగా ఉంటే అది తరువాత తెచ్చి పెట్టింది. మురానో షాండ్లియర్ అయితే ఫ్రేమ్‌కున్న కొక్కేలు లెక్కపెట్టి, ఆ తరువాత గాజు ముక్కలు లెక్కపెట్టండి. నాలుగు తక్కువైనా సర్దుకోవచ్చు. పాతిక తక్కువైతే అదే కొలత, అదే రంగు ముక్కలు వెతకడంలో మీ జీవితం గడిచిపోతుంది.

బబుల్ లాంప్‌లలో పసుపు రంగు సహజం. ప్లాస్టిక్ పొర తీగల దగ్గర చిట్లి పెళుసుగా విరుగుతుంటే మాత్రం వదిలేయండి, ఇంట్లో బాగుచేసే పని కాదది. పీహెచ్ 5లో సొట్టలు చూడండి. రంగు మళ్లీ వేశారేమో తెలుసుకోవాలంటే రేకుల్ని పట్టుకున్న కాళ్ల మూలల్లో పెయింట్ గుజ్జులా పేరుకుందేమో చూస్తే చాలు.

చివరగా మల్టీమీటర్. ఒక్కో హోల్డర్ నడిమి బొడిపె నుంచి పైన ఒక వైరుకి, మరచుట్టు డిప్ప నుంచి రెండో వైరుకి మాత్రమే కరెంటు దారి ఉండాలి. లోహపు శరీరానికి ఏ వైరు నుంచి దారి కనిపించినా షాక్ కొట్టే లైటు అది. కొనొచ్చు, కానీ రీవైరింగ్ ఖర్చు కలుపుకుని ధర మాట్లాడాలి.

5. ధర

పేరు రుజువైతే ఒక ధర, రుజువు లేకపోతే వేరే ధర. "సర్ఫాత్తి తరహా", "స్టిల్‌నోవోది అయ్యుండొచ్చు" అని రాశారంటే, కాదు అని చదువుకోండి. వేలం సైట్లలో అడిగిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర చూడాలి. వేలంలో కొంటే పాడిన మొత్తం మీద కమీషన్, షిప్పింగ్ పడతాయని మరిచిపోవద్దు. ఇక నా పద్ధతి: పేరు లేకపోయినా పనితనం బాగున్న లైటును రెండు ప్లేట్ల బిర్యానీ ధరకు కొంటే ఎప్పుడూ బాధపడలేదు.

6. విప్పి ఇంటికి తేవడం

మెయిన్ బ్రేకర్ ఆపాకే చెయ్యి పెట్టండి. గోడ స్విచ్ ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉన్న సందర్భాలూ ఉంటాయి. టెస్టర్‌తో చూశాకే వైరు ముట్టుకోండి. ఒకరు లైటును రెండు చేతులా పట్టుకోవాలి, ఒకరు విప్పాలి. ఒంటరిగా స్టూలెక్కి చెయ్యకండి.

విప్పేముందు నాలుగు వైపులా ఫోటోలు. గాజు షేడ్లన్నీ ముందే తీసి విడివిడిగా చుట్టండి. చేతులు వేరుచేస్తుంటే ప్రతి చేతికీ, అది కూర్చునే రంధ్రానికీ మాస్కింగ్ టేపు మీద ఒకే నంబర్ వేయండి. నట్లు, వాషర్లు జిప్ కవర్‌లో. వాషర్ ఒకటి పోయినా ఆ పాత మర కొలతకు దొరక్క తిప్పలు పడతారు. పార్సిల్‌లో వస్తుంటే డబ్బాలో డబ్బా పెట్టమని, గాజు వేరే, లోహం వేరే కట్టమని అమ్మేవాళ్లను బతిమాలండి. అవసరమైతే ఆ ఖర్చు మీరే ఇవ్వండి.

7. రీవైరింగ్

యాభై అరవై ఏళ్ల వైరు మీద నాకు నమ్మకం లేదు. రబ్బరు తొడుగు ఎండి, వంచితే అప్పడంలా విరుగుతుంది. మీకు ఈ పని కొత్తైతే ఎలక్ట్రీషియన్‌తో గానీ, లాంప్ రిపేరు షాపులో గానీ చేయించండి. దగ్గరుండి చూడండి మాత్రం. ఒక హెచ్చరిక: వైరు చుట్టూ తెల్లటి నూగులాంటి పీచు తొడుగు కనిపిస్తే అది ఆస్బెస్టాస్ కావచ్చు. కొన్ని పాత లైట్ల వైర్లకు దాన్నే వాడేవారు. కత్తిరించకండి, లాగకండి, దులపకండి. కవర్‌లో మూసేసి తెలిసినవాళ్లకు అప్పగించండి.

సొంతంగా చేస్తే ఇలా. చెయ్యిని గోళం నుంచి విప్పేముందు లోపలి జాయింట్లు విడదీయాలి. వైరు తగిలించి ఉండగానే చెయ్యి తిప్పితే లోపల వైరు మెలిపడి తొడుగు తెగుతుంది. నేను మొదటిసారి చేసిన ఘనకార్యం అదే. తరువాత పాత వైరు కొసకు కొత్త వైరు కొసను కట్టి, ముడి లావు కాకుండా సన్నగా టేపు చుట్టి, రెండో వైపు నుంచి నెమ్మదిగా లాగండి. లంగాకి బొందు ఎక్కించడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో లోపలికి అందిస్తుండాలి. వంపు దగ్గర పట్టేస్తే కొత్త వైరుకి కాస్త టాల్కం పౌడరు రాయండి. గొట్టం కొసల్లో పదునైన అంచు ఉంటే అక్కడ ప్లాస్టిక్ బుష్ పెట్టాలి, లేకపోతే కొత్త వైరు కూడా అక్కడే తెగుతుంది.

హోల్డర్‌లో ఇత్తడి రంగు స్క్రూకి ఫేజు, వెండి రంగు స్క్రూకి న్యూట్రల్. రెండు వైర్లు అతుక్కుని ఉండే లాంప్ వైరులో, తడిమితే గీతలు తగిలే వైపు న్యూట్రల్‌కి. ఎటు పెట్టినా బల్బు వెలుగుతుంది కదా అనుకోకండి. బల్బు మార్చేటప్పుడు వేలు తగిలేది మరచుట్టు డిప్పకే. అది న్యూట్రల్ మీద ఉండాలి, ఫేజు నడిమి బొడిపెకి వెళ్లాలి. పాత లైట్లలో చాలావాటికి ఎర్త్ వైరు ఉండదు. సీలింగ్‌కి బిగించే లోహపు పట్టీకి ఆకుపచ్చ స్క్రూ వేసి ఎర్త్ కలపండి. పన్నెండు చేతుల గోళంలో ఇరవైనాలుగు వైరు కొసలు చేరతాయి. అన్నిటినీ ఒకే కనెక్టర్‌లో కుక్కకుండా మూడు నాలుగు గుంపులుగా కట్టి కలపండి. ఇది అయ్యాక మళ్లీ మల్టీమీటర్.

8. శుభ్రం చేయడం, లేక చేయకపోవడం

మా అమ్మ ఆరు నెలలకని ఇక్కడికి వచ్చినప్పుడు ఎనిమిది చేతుల ఇత్తడి షాండ్లియర్ ఒకటి గరాజ్‌లో దుప్పటి మీద పరిచి ఉంది. నేను ఆఫీసుకెళ్లి వచ్చేసరికి రెండు చేతులు తళతళా మెరుస్తున్నాయి. చింతపండు, ఉప్పు. "ఇంత డబ్బు పోసి మకిలి సామాను తెచ్చుకుంటావేంట్రా" అని పైగా నాకే చీవాట్లు. ఏం జరిగిందంటే, ఆ కాలపు ఫ్యాక్టరీలు ఇత్తడి మీద పారదర్శకమైన లక్క పూత వేసేవి. తోముడుకు అది అక్కడక్కడా లేచిపోయి, పులుపు తగిలిన చోట ఇత్తడిలోని జింకు పోయి రాగి ఎరుపు తేలింది. దూరం నుంచి చూస్తే రెండు చేతులకు కుంకుమ పూసినట్టుంది. మిగతా ఆరూ తేనె రంగులో నిశ్చింతగా ఉన్నాయి. ఆ లైటును నేను అమ్మలేదు, మా భోజనాల గదిలోనే ఉంది. ఎర్ర చేతులు రెండూ గోడ వైపు తిప్పాను.

కాబట్టి చింతపండు, నిమ్మచెక్క, పీతాంబరి ఇత్తడి బిందెలకే ఉంచండి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, కాస్త తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, పలుచగా మైనం రాస్తే చాలు. వంటింటి జిడ్డు ఉంటే ఒక చుక్క గిన్నెల సబ్బు. కొనేవాళ్లలో తెలిసినవాళ్లు ఆ తేనె రంగుకే డబ్బిస్తారు.

గాజుకి సింకు అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లు, చుక్క సబ్బు. బంగారు గీతలు, పువ్వులు పైన పెయింట్ చేసి ఉంటే రుద్దకండి, డిష్‌వాషర్ మాట తలపెట్టకండి. టేకు భాగాలకు కొంచెం టేకు ఆయిల్.

9. బల్బులు, వేలాడదీయడం

హోల్డర్ మీద 60 వాట్లు మించకూడదని ఉంటే అది వేడి గురించిన మాట. ఎల్ఈడీతో ఆ బెంగ లేదు. 40 వాట్ల పాత బల్బులు పన్నెండు పెడితే 480 వాట్లు, గదిలో పొయ్యి పెట్టినట్టే. 4 వాట్ల ఎల్ఈడీలు పన్నెండైతే 48. అయితే అవి ఒక్కోటి సుమారు 450 ల్యూమెన్ల (వెలుగు కొలత) వెలుగు ఇస్తాయి, పన్నెండు కలిస్తే కళ్లు చెదురుతాయి. స్పుట్నిక్‌కి అందుకే చిన్న గుండ్రటి, తక్కువ వెలుగు బల్బులు, డిమ్మర్‌కి (వెలుగు తగ్గించే స్విచ్‌కి) సరిపడేవి చూసుకోవాలి. రంగు 2700 కెల్విన్, అంటే పసుపు ఛాయ ఉన్న వెలుగు. ట్యూబ్‌లైట్ లాంటి తెల్లటి వెలుగు పెడితే ఇత్తడి, టేకు రెండూ చచ్చిపోయినట్టు కనిపిస్తాయి.

అమెరికాలో సీలింగ్ ఎలక్ట్రికల్ బాక్స్ మోయాల్సింది 50 పౌండ్లు, అంటే దాదాపు 23 కిలోలు. లైటు అంతకంటే బరువుంటే ఆ బరువుకి ధ్రువీకరించిన బాక్స్ వేయాలి, లేదా నేరుగా దూలానికి విడిగా ఆధారం ఇవ్వాలి. కొన్న రోజే బాత్రూమ్ వేయింగ్ మెషిన్ మీద తూచి రాసుకోండి.

10. ఇండియాకి తీసుకెళ్తే

మామూలు హోల్డర్లున్న లైటుకి వోల్టేజీతో పేచీ లేదు, పేచీ అంతా బల్బుది. అమెరికా హోల్డర్ల మీద చాలాసార్లు 660 వాట్లు, 250 వోల్టులు అనే ముద్ర ఉంటుంది. అది ఉంటే మన 230కి సరిపోతుంది. లైటులోనే ఉన్న డిమ్మర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం మార్చాల్సిందే. ఇక్కడి హోల్డర్ మర కొలత ఇ26, అక్కడ దొరికే మర బల్బులది ఇ27, దాదాపు అన్నిటికీ కూర్చుంటాయి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే రెండు పిన్నుల బల్బు పట్టదు, మర బల్బులు అడిగి తెచ్చుకోవాలి.

వేలాడదీయడం విషయంలో మన ఇళ్లే నయం. కాంక్రీటు స్లాబులో పోతపోసిన ఫ్యాన్ హుక్కు ఉంటుంది, దానికి గొలుసు తగిలిస్తే సరి. పైమూతకు బిగించే పట్టీ మాత్రం అక్కడి ఎలక్ట్రీషియన్‌కి కొత్త. దాన్ని కూడా లైటుతోపాటే పంపించండి. ఫాల్స్ సీలింగ్ ఉంటే జిప్సం బోర్డుకి ఎంత చిన్న లైటైనా వేలాడదీయవద్దు. బోర్డుకి రంధ్రం చేసి, గొలుసును పైనున్న స్లాబు హుక్కుకే తగిలించాలి.

11. నోటుబుక్కు

ప్రతి లైటుకీ ఒక పేజీ. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి కొన్నారు, బరువు, ముద్రల ఫోటో, ఏయే భాగాలు మార్చారు, పాత వైరు ఎలా ఉండేది. తీసేసిన పాత హోల్డర్లు పారేయకుండా కవర్‌లో దాచండి. రేపు అమ్మితే కొనేవాళ్లు అడుగుతారు. ఇవికాక ఇంకో అలవాటు నాకు ఒక లైటు నుంచే వచ్చింది. మా వంటింటి పాలగాజు పెండెంట్ ఒక ఎస్టేట్ సేల్‌లో 35 డాలర్లకు దొరికింది. పైమూత విప్పితే లోపల పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో, 1959 మార్చి అని రాసి ఉంది. బిగించిన ఎలక్ట్రీషియన్ రాతే అయ్యుంటుంది. వైరు మార్చాక, దాని కింద నేనూ పెన్సిల్‌తో నెల, సంవత్సరం, "వైరు, హోల్డరు కొత్తవి" అని రాసి మూత బిగించాను.